200 గజాల జాగలో పెద్ద బెడ్‌రూం కిందా, పైనా? ముందు బాత్రూం గీయించండి

మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుందాం. హన్మకొండలో భీమారం దగ్గర 200 గజాల ప్లాటు, 30 × 60 అడుగులు, తూర్పు ముఖం, ముందు 30 అడుగుల రోడ్డు. ఇంట్లో మీ అమ్మ, బాపు, మీరిద్దరు, ఇద్దరు పిల్లలు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ప్లాన్ గీసినాయన కింద పెద్ద హాలు, వంటగది, వాయవ్యం మూలన 10 × 10 "పెద్దవాళ్ల గది", దాని బయట ఒక కామన్ టాయిలెట్ వేసి మాస్టర్ బెడ్‌రూం పైకి పంపాడు. మీ ఆవిడ పెద్ద గది కిందే ఉండాలంటున్నారు. హాలు తగ్గిపోతే నలుగురొస్తే ఎక్కడ కూర్చుంటారని బాపు బెంగ. ఆ గది ఎవరికి, వాస్తు ఒప్పుకుంటుందా, రేపు పైఅంతస్తు కిరాయికిస్తే ఎట్లా అన్నవి మీ అనుమానాలు.

మీ ఆవిడ చెప్పిందే సరైనది. పెద్ద గది కిందే వేయండి, అది అమ్మా బాపుకే ఇవ్వండి. ఇళ్ల ప్లాన్లు గీయడం, దగ్గరుండి కట్టించడం చాలా ఏళ్లుగా నా పని. ఈ "పెద్దవాళ్ల గది" అనే మాట ప్లాన్ మీద కనిపిస్తే నేను ముందు దాని కొలతలు చూస్తాను. హాలు, కిచెన్, పార్కింగ్, మెట్లు అన్నీ అయిపోయాక మిగిలిన ముక్కకే ఆ పేరు పెడతారు. 10 × 10 గదిలో ఆరడుగుల డబుల్ కాట్ వేసి, ఒక బీరువా పెడితే మనిషి పక్కకు తిరిగి నడవాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషి రాత్రి రెండింటికి లేచి, ఆ సందులోంచి తలుపు తీసి, హాల్లోకి వచ్చి, లైటు వెతుక్కుని, కామన్ టాయిలెట్‌కు పోవాలి. పగలు చుట్టాలుంటే ఆ టాయిలెట్ ఖాళీగా ఉందో లేదో కూడా చూసుకోవాలి. ఇన్ని తిప్పలున్న గది కింద ఉన్నా ఒకటే, పైన ఉన్నా ఒకటే.

అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లతో హాలు సంగతి తర్వాత మాట్లాడదామంటాను. ముందు మంచం ఎక్కడో, బాత్రూం ఎక్కడో, ఆ రెంటి మధ్య దారి ఎట్లా ఉందో గీయిస్తాను. ఆ ముక్క కుదిరాక మిగతా ఇల్లు దాని చుట్టూ సర్దుకుంటుంది. హాలు ఒక అడుగు తగ్గితే ఎవరికీ తెలియదు. బాత్రూం ఒక అడుగు తగ్గితే రోజూ తెలుస్తుంది.

మీ జాగ లెక్క చూద్దాం. 200 గజాలంటే 167 చదరపు మీటర్లు. 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాటుకు 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల 168 జీవో ప్రకారం, మీ రోడ్డు వెడల్పుకు, ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలి. అంటే ముందు 5 అడుగులు, పక్కలకూ వెనకకూ 3 అడుగుల 4 అంగుళాల చొప్పున. మిగిలేది గోడలతో కలిపి సుమారు 23 అడుగుల 4 అంగుళాల వెడల్పు, 51 అడుగుల 8 అంగుళాల పొడవు. 500 చదరపు మీటర్ల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో ఆన్‌లైన్‌లో వెంటనే అనుమతి వస్తుంది కాబట్టి "తర్వాత ఎవరు చూస్తారులే" అని పక్కలకు జరిపే మేస్త్రీలున్నారు. జరపకండి. అబద్ధపు ధ్రువీకరణ అని తేలితే నోటీసు లేకుండా కూల్చే అధికారం ఈ ఆన్‌లైన్ అనుమతులకు తెచ్చిన టీఎస్-బీపాస్ చట్టంలోనే ఉంది. పైగా ఉత్తరం పక్కన వదిలిన ఆ మూడడుగుల చిల్లర దారి మీకు ఎంత పనికొస్తుందో కింద చెబుతాను.

నేనైతే ఇట్లా పంచుతాను. తూర్పు నుంచి పడమరకు నాలుగు పట్టీలు అనుకోండి. మొదటి పట్టీ 11 అడుగుల 6 అంగుళాలు: ఉత్తరం సగం కారుకు, దక్షిణం సగం వంటగదికి. కారు వైపు ముందు వదిలిన 5 అడుగులు కలుపుకుంటే 16 అడుగుల 6 అంగుళాల పొడవు వస్తుంది. నాలుగు మీటర్ల లోపు కారంటే 13 అడుగులే, హాయిగా పడుతుంది. ఆగ్నేయంలో వంటగది, అమ్మకు పొయ్యి దగ్గర నుంచే గేటు కనిపిస్తుంది. రెండో పట్టీ 14 అడుగులు, ఇంటి వెడల్పంతా హాలూ డైనింగూ కలిపి. అంటే లోపల 14 × 22 సుమారు. మీ బాపు బెంగపడ్డ హాలు ఇదే, ఏమంత చిన్నది కాదని చెప్పండి. ఈశాన్యం మూలన పూజకు జాగ పోయినా మూడు సోఫాలు, ఆరు కుర్చీల టేబులు పడతాయి. మేడారం జాతరకు రెండేళ్లకోసారి చుట్టాలంతా దిగినా, చాపలు వేసుకోవడానికి ఈ హాలే, పైన హాలే.

మూడో పట్టీ 10 అడుగులు. ఉత్తరం గోడ వెంట ఏడడుగుల వెడల్పున మెట్లు, తర్వాత నాలుగడుగుల లాబీ, దక్షిణం వైపు 10 × 10 చిన్న గది. నాలుగో పట్టీ, అన్నిటికంటే వెనక, 12 అడుగుల 6 అంగుళాలు. నైరుతిలో 14 × 12½ పెద్ద బెడ్‌రూం, దానికి ఆనుకుని వాయవ్యంలో ఏడున్నర అడుగుల చదరం బాత్రూం. బాత్రూంకూ మెట్లకూ మధ్య మిగిలే నాలుగున్నర అడుగుల ముక్కను బయటి టాయిలెట్ చేయండి, దాని తలుపు ఉత్తరం సందులోకి. డ్రైవరుకు, పనివాళ్లకు, ఫంక్షన్ రోజు జనానికి అది చాలు. గోడలు కలుపుకుంటే ఈ నాలుగు పట్టీలూ 51½ అడుగుల్లో కూర్చుంటాయి.

ఇందులో లాబీని కోసేద్దామని మీ మేస్త్రీ అంటాడు. "నాలుగడుగులు వేస్టు సార్, హాల్లో కలిపేద్దాం." ఒప్పుకోకండి. ఆ లాబీ లేకపోతే బెడ్‌రూం తలుపు నేరుగా హాల్లోకి తెరుచుకుంటుంది. సోఫాలో కూర్చున్నవాళ్లకు మంచం కనిపిస్తుంది, మంచం మీద పడుకున్నవాళ్లకు టీవీ వినిపిస్తుంది. పెద్దవాళ్లు పగలు గంటసేపు నడుం వాలుస్తారు, రాత్రి తొమ్మిదింటికే పడుకుంటారు. మీ పిల్లలు అప్పుడే హోంవర్క్ ముగించి టీవీ పెడతారు. తలుపు ఎప్పుడూ మూసుకుంటే గాలాడదు, తీసి ఉంచితే కూర్చోబుద్ధి కాదు. లాబీ చివర, గది ఈశాన్యం మూలకు దగ్గరగా తలుపు పెడితే హాల్లోంచి చూసినవాళ్లకు ఎదురుగా బీరువాలే కనిపిస్తాయి, మంచం పక్కకు ఉండిపోతుంది. అమ్మ తలుపు బార్లా తీసుకునే పడుకోవచ్చు.

ఇప్పుడు గది లోపలికి. తల దక్షిణానికి పెట్టాలంటారు కాబట్టి మంచం దక్షిణం గోడకు ఆనుతుంది. మంచం పొడవు ఆరున్నర అడుగులు పోగా ఉత్తరం గోడదాకా ఏడున్నర అడుగుల ఖాళీ. మంచానికి రెండు పక్కలా మూడేసి అడుగులు వస్తాయి. పడమటి గోడకు, మంచం దాటాక ఉన్న భాగంలో బీరువాలు. ఉత్తరం గోడలోనే బాత్రూం తలుపు. అమ్మ మంచం దిగి, ఎక్కడా మలుపు తిరగకుండా, ఏడెనిమిది అడుగుల్లో బాత్రూంలో ఉంటుంది. ఈ దారిలో బల్ల, కుర్చీ, కార్పెట్ ఏదీ రానివ్వకండి. మంచం దగ్గర ఒక స్విచ్, బాత్రూం తలుపు దగ్గర ఒకటి, రెంటితోనూ అదే లైటు వెలిగేలా వైరింగ్ చేయించండి. గోడకు అడుగు ఎత్తులో ఒక చిన్న రాత్రి దీపం, మనిషి కదిలితే వెలిగేది, పెద్ద ఖర్చు కాదు. మంచం పక్కన ఒక కాలింగ్ బెల్ బటన్ పెట్టి దాని మోత పైన మీ గదిలో వచ్చేలా చేయండి. పెద్దవాళ్లు కింద ఒంటరిగా పడుకుంటున్నారన్న టెన్షన్ మీకు చాలావరకు దీనితోనే పోతుంది. ఫోన్ ఉంది కదా అనకండి, అవసరం పడినప్పుడే అది ఛార్జింగ్‌లో ఇంకో గదిలో ఉంటుంది.

బాత్రూం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

కాజీపేటలో ఒక ఇంటికి నన్ను పిలిచింది ఇల్లు కట్టించడానికి కాదు, బాత్రూం మార్చడానికి. పెద్దాయన స్నానం చేస్తూ జారి, సరిగ్గా తలుపుకు అడ్డంగా పడ్డారు. తలుపు లోపలికి తెరుచుకునేది, వెడల్పు రెండుంపావు అడుగులు, లోపల గొళ్లెం. ఎంత నెట్టినా ఆయన ఒంటికి తగిలి ఆగిపోతోంది, గట్టిగా నెడితే ఆయనకే దెబ్బ. చివరకు ప్లాస్టిక్ తలుపును కోసి, పై భాగం తీసి, కొడుకు అందులోంచి లోపలికి దూరాడు. పెద్దాయనకు పెద్దగా ఏం కాలేదు. నేను వెళ్లేసరికి ఆ కోసిన తలుపు పెరట్లో గోడకు ఆనించి ఉంది, గొళ్లెం ఇంకా వేసే ఉంది.

కాబట్టి బాత్రూం తలుపు మూడడుగులు ఉండాలి, బయటికి తెరుచుకోవాలి. లేదంటే గోడ వెంట జరిగే స్లైడింగ్ తలుపు. లోపలి గడియ బయటి నుంచి నాణెంతోనో స్క్రూడ్రైవర్‌తోనో తిప్పి తీయగలిగేది దొరుకుతుంది, అదే వేయించండి. మూడడుగులెందుకంటే, చక్రాల కుర్చీ దూరాలన్నా, ఒక మనిషిని ఇంకో మనిషి పట్టుకుని పక్కపక్కన నడిపించాలన్నా అంత కావాలి. బెడ్‌రూం తలుపు మూడున్నర చేయండి. చక్రాల కుర్చీ గుండ్రంగా తిరగాలంటే అయిదడుగుల వలయం ఖాళీ ఉండాలి, ఏడున్నర అడుగుల చదరంలో అది వస్తుంది. మామూలుగా వేసే 4 × 7 బాత్రూంలో రాదు, తర్వాత గోడ పగలగొట్టినా రాదు. అమ్మకు ఇప్పుడు కుర్చీ అవసరం లేదు కదా అంటారు. మోకాలి ఆపరేషన్ చేయించుకుంటే మొదటి వారాల్లో వాకర్ పట్టుకునే నడవాలి. దానికైనా ఈ జాగ కావాలి.

కమోడ్ మామూలుగా 15, 16 అంగుళాల ఎత్తుంటుంది. కొంచెం ఎత్తైనవి, 17 నుంచి 19 అంగుళాలవి, అడిగితే తెప్పిస్తారు. మోకాళ్లు బాగాలేనివాళ్లకు ఆ రెండు మూడు అంగుళాల్లోనే తేడా అంతా. పక్క గోడకు కూర్చున్నప్పుడు చెయ్యి ఆనేచోట, అంటే నేల నుంచి 28, 30 అంగుళాల దగ్గర అడ్డంగా ఒక స్టీలు కడ్డీ, ముందుకు లేవడానికి నిలువుగా ఇంకొకటి. ఇవి ఇప్పుడే బిగించకపోయినా పర్వాలేదు, కానీ ఆ గోడను ఇప్పుడే తొమ్మిది అంగుళాలు కట్టించండి. నాలుగున్నర అంగుళాల గోడకు బిగించిన కడ్డీని నిండు బరువుతో లాగితే ఫాస్ట్‌నర్‌తో సహా ఊడివస్తుంది.

మనవాళ్లు షవర్ కింద నిలబడి స్నానం చేసేది తక్కువ, బకెట్టూ మగ్గే. అందుకని స్నానం చేసే మూలన 16, 17 అంగుళాల ఎత్తున చిన్న గట్టు కట్టించి పైన గరుకు రాయి వేయండి, దాని మీద కూర్చుని పోసుకుంటారు. బకెట్‌కు కూడా అడుగు ఎత్తున ఇంకో గట్టు ఉంటే వంగి ముంచే పని తప్పుతుంది. చేతి షవర్ ఒకటి ఆ గట్టు దగ్గరే. నేల టైల్స్ మ్యాట్‌వి, జారనివి. షాపులో పొడిగా ఉన్నప్పుడు అన్నీ జారనట్టే ఉంటాయి, కాసిని నీళ్లు పోయించి అరికాలితో రుద్ది చూడండి. గది టైల్స్‌కూ బాత్రూం టైల్స్‌కూ మధ్య తేడా అర అంగుళం మించకూడదు. నీళ్లు గదిలోకి వస్తాయని ప్లంబర్ రెండు అంగుళాలు దింపుతానంటాడు. దింపనక్కర్లేదు, స్నానం చేసే మూలకు వాలు సరిగ్గా ఇస్తే, జాలీ ఆ మూలనే పెడితే, నీళ్లు ఇటు రావు. ఏడడుగులకు అంగుళం వాలు చాలు. టైల్స్ అంటించిన రోజు సాయంత్రమే ఒక బకెట్ నీళ్లు కుమ్మరించి చూడండి, సిమెంటు గట్టిపడ్డాక ఎవరూ సరిచేయరు.

గడపల మాట. మెయిన్ డోర్‌కు గడప ఉండాలని అమ్మ అంటారు, ఉండాల్సిందే. పసుపు రాసి బొట్లు పెట్టుకోవడానికి పైకి అంగుళం కనిపిస్తే చాలు. వడ్రంగి పాత అలవాటు కొద్దీ నాలుగు అంగుళాలు లేపుతాడు, ఫ్లోరింగ్ మట్టం ముందే చెప్పి అంతవరకు కింద దించేయమనండి. లోపలి గదులకు గడపలే వద్దు.

ఇక రోడ్డు నుంచి ఇంట్లోకి. ఇక్కడ రెండు భయాలు ఒకదానికొకటి అడ్డం వస్తాయి. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో వరంగల్, హన్మకొండ లోతట్టు కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చాక అందరూ బేస్‌మెంట్ లేపుతున్నారు. మూడడుగులు, మూడున్నర కూడా చూస్తున్నాను. రోడ్డు మీద మళ్లీ సీసీ వేస్తే ఎత్తు పెరుగుతుందన్నది ఇంకో లెక్క. కింద పెద్ద గది వేసి, దానికి ఎక్కడానికి ఆరు మెట్లు పెడితే అమ్మ గేటు దాటడం మానేస్తారు. మీరు చేయాల్సింది పక్క ఇళ్లవాళ్లను అడగడం: ఆ రెండు సార్లూ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి? పాత కాంపౌండ్ గోడల మీద మరకలు ఇంకా ఉంటే టేపు పెట్టి కొలవండి. నీళ్లు నిలవని జాగ అయితే రోడ్డు మీద నుంచి రెండడుగులు చాలు. దాంట్లో పది అంగుళాలు కారు పెట్టే జాగ వాలులోనే ఎక్కిపోవచ్చు, 16½ అడుగుల పొడవులో అది తెలియని వాలు. మిగిలిన 14 అంగుళాలకు అయిదు అంగుళాల లోపు ఎత్తున్న మూడు వెడల్పాటి మెట్లు, రెండు వైపులా పట్టుకోవడానికి రెయిలింగ్. ర్యాంపు కావాలంటే అంగుళానికి అడుగు లెక్కన 14 అడుగులు పడుతుంది. దానికి ఇప్పుడు జాగ చూసి పెట్టుకోండి, కట్టడం తర్వాతైనా కట్టొచ్చు. మెట్లకు, ముందు అరుగుకు మెరిసే కరీంనగర్ గ్రానైట్ వేయకండి. అందంగా ఉంటుంది, కాదనను, వాన జల్లు పడితే మాత్రం మామూలు కాళ్లే నిలవవు. అదే రాయిని గరుకు ఫినిష్‌లో ఇస్తారు.

అరుగు అన్నాను కదా, అది మరిచిపోకండి. కారు పక్కన గోడకు ఆనుకుని రెండడుగుల అరుగు ఒకటి బాపు కోసం. సాయంత్రం ఇద్దరు ముగ్గురు దోస్తులు వస్తే వాళ్లు హాల్లోకి రారు, అక్కడే కూర్చుంటారు. పెద్ద హాలు కావాలంటున్న మనిషి నిజంగా వాడుకునేది ఆ అరుగునే అని నా అనుమానం.

వాస్తు గురించి మీరు భయపడాల్సిందేమీ లేదు. నైరుతి గది ఇంటి పెద్దకు అంటారు, మీ ఇంటి పెద్ద మీ బాపే. టాయిలెట్ నైరుతి, ఈశాన్యం మూలలకు రాకూడదంటారు, రాలేదు. వంట ఆగ్నేయంలో ఉంది. సంపు ఈశాన్యంలో పార్కింగ్ కింద వేసుకోవచ్చు. మీ కాలనీకి డ్రైనేజీ లైను లేకపోతే సెప్టిక్ ట్యాంకు వాయవ్యం వైపు, రెండు టాయిలెట్లకూ దగ్గరగా.

నైరుతి గదికి అసలు ఇబ్బంది వాస్తు చెప్పేది కాదు, ఎండ. దక్షిణం, పడమర రెండు గోడలూ మధ్యాహ్నం నుంచి కాలుతూనే ఉంటాయి. మన దగ్గర మే నెలలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. కింద వేయడం వల్ల ఇక్కడే ఒక లాభం ఉంది: గది నెత్తిన స్లాబ్‌కు ఎండ తగలదు, పై అంతస్తు కాచుకుంటుంది. పైన మాస్టర్ బెడ్‌రూంలో పడుకునేవాళ్లకు రాత్రి పన్నెండు దాకా స్లాబ్ వేడి దిగుతూనే ఉంటుంది. పెద్దవాళ్లకు రోజంతా ఏసీ పడదు, బిల్లు కూడా చూసుకుంటారు, కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఆ రెండు గోడలూ తొమ్మిది అంగుళాలే కట్టండి. రామగుండం, చెల్పూరు పవర్ ప్లాంట్ల బూడిదతో చేసే ఫ్లై యాష్ ఇటుకలు మన వైపు దొరుకుతాయి, వాటితో కట్టినా సరే. పెద్ద కిటికీ దక్షిణానికి, పైన రెండడుగుల సజ్జ. పడమరకు చిన్న కిటికీ ఒకటి, గాలి బయటికి పోవడానికి. బీరువాలు పడమటి గోడకు పెట్టమన్నది కూడా అందుకే, వేడి ముందు బట్టలకు తగులుతుంది. కిటికీలకు దోమల మెష్ మొదట్నుంచీ ఉండాలి. కింద గదిలో దోమలకూ పురుగూ పుట్రకూ భయపడి కిటికీలు మూసేస్తారు, ఆ తర్వాత గది ఉక్కగా ఉందంటారు.

కింద గదికి చెమ్మ ఇంకో శత్రువు. ప్లింత్ బీమ్ (పునాది మీద గోడల కింద వేసే కాంక్రీటు దూలం) మీద చెమ్మ ఎక్కకుండా డీపీసీ పొర, ఫ్లోరింగ్‌కు ముందు చెదల మందు, ఈ రెండూ మీ కాంట్రాక్టర్ "చేశాం సార్" అంటే నమ్మకుండా ఆ రోజు మనిషి అక్కడ ఉండాలి. మీ ప్లాటులో నల్లరేగడి ఉంటే ఆ మట్టినే లోపల నింపనివ్వకండి. మొరం తెప్పించి, ఆరంగుళాల పొరలుగా నీళ్లు పోసి దిమ్మిస కొట్టించాలి. తొందరపడి ఒకేసారి నింపితే రెండు వానాకాలాల తర్వాత టైల్స్ కుంగుతాయి. అట్లా లేచిన టైలు అంచుకు కాలు తగిలి పడేది కూడా పెద్దవాళ్లే.

మెట్లు, కిరాయి సంగతి. రెండు స్లాబుల మధ్య పదిన్నర అడుగులు అనుకుంటే 126 అంగుళాలు. 20 మెట్లు చేస్తే ఒక్కోటి 6.3 అంగుళాల ఎత్తు, అడుగు పెట్టే వెడల్పు 11 అంగుళాలు. రెండు వరసలుగా మధ్యలో ల్యాండింగ్‌తో పన్నెండడుగుల దాకా పొడవు కావాలి, మన పట్టీ పది అడుగులే. కాబట్టి మొదటి మెట్లు రెండడుగులు హాల్లోకి వస్తాయి. రానివ్వండి, ఎత్తు పెంచి మెట్లు తగ్గించకండి. అమ్మ ఎక్కకపోయినా మీరు రోజూ ఎక్కాలి, పండగలకు అమ్మా ఎక్కుతారు. మెట్ల కింద టాయిలెట్ పెడతామని ఎవరన్నా చెబితే లెక్క చెప్పండి: ల్యాండింగ్ 63 అంగుళాల ఎత్తున వస్తుంది, స్లాబ్ మందం పోతే కింద నాలుగుముప్పావు అడుగులు. అక్కడ ఇన్వర్టర్, చెప్పులు పెట్టుకోండి. మెట్లు ఉత్తరం గోడ వెంటే ఉన్నాయి కాబట్టి మొదటి మెట్టు దగ్గర సందులోకి ఒక తలుపుకు జాగ ఇప్పుడే వదలండి, లింటెల్ వేసి ఇటుకలతో మూసి ఉంచితే చాలు. ఎప్పుడన్నా పైభాగం కిరాయికి ఇవ్వాలంటే, లేదా ఉద్యోగం రీత్యా మీరే హైదరాబాద్ వెళ్లిపోతే, ఆ తలుపు తెరిచి హాలు వైపు మూసేస్తే రెండిళ్లు అవుతాయి. ఉత్తరం సందు పనికొస్తుందన్నది ఇందుకే.

పైన మీ గది సరిగ్గా కింది గది మీదే వేసుకోండి, మీ బాత్రూం వాళ్ల బాత్రూం మీదే. పైప్ లైను ఒకటే అవుతుంది, రేపు కారినా బాత్రూంలో కారుతుంది, మంచం మీద కాదు. పిల్లల గది మాత్రం అమ్మా బాపు మంచం మీదకు రాకుండా తూర్పుకు జరపండి. పిల్లల దూకుళ్లన్నీ కింద వినిపిస్తాయి.

కింద ఉన్న ఆ 10 × 10 గదికి ఇప్పుడే పేరు పెట్టకండి. పిల్లలు చదువుకుంటారు, చుట్టాలు పడుకుంటారు. ఒకరికి ఒంట్లో బాగాలేక రాత్రంతా దగ్గుతుంటే రెండోవాళ్లు అందులో పడుకుంటారు. మీరే బైక్ మీద నుంచి పడి కాలికి కట్టు కట్టించుకొస్తే మీకూ అదే దిక్కు. ఒక మంచం, ఒక ఫ్యాను, ఏసీ పాయింట్ ఉంటే చాలు.

లిఫ్ట్ గురించి రాశారు. ఈ ప్లాన్‌కు అవసరం లేదు, ఆ డబ్బు బాత్రూం మీద, కిటికీల మీద పెట్టండి.

పునాది తవ్వకముందు ఒక పని చేయండి. ప్లాటులో ముగ్గు పోయించే రోజు బయటి గీతలతో ఆపకుండా ఈ బెడ్‌రూం, బాత్రూం, లాబీ లోపలి గీతలు కూడా పోయించండి. తలుపుల దగ్గర ఖాళీ వదలమనండి. మంచం జాగలో ఒక చాప పరిచి, కమోడ్ జాగలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి అమ్మను పిలుచుకురండి. చాప మీంచి లేచి, తలుపు గీత దాటి, కుర్చీ దాకా నడిచి కూర్చోమనండి. తిరిగి హాలు దాకా, వంటగది దాకా. ప్లాన్ కాగితం చూసి "మీ ఇష్టం బిడ్డా" అనే మనిషి అక్కడ నిలబడితే "ఈ తలుపు ఇటుంటే బాగుండు" అని తనే చెబుతుంది. ముగ్గు గీత చెరిపి మళ్లీ పోయడానికి ఖర్చు లేదు.

డ్రాయింగ్ మార్పించాక మళ్లీ పెట్టండి. తలుపులు ఎటు తెరుచుకుంటాయో, బాత్రూం లోపల ఏది ఎక్కడో, రోడ్డు నుంచి ఫ్లోరింగ్ దాకా మట్టాలు ఎంతెంతో అందులో కనిపించాలి. పార్కింగ్ వాలుకూ సంపు మూతకూ పేచీ వస్తుందేమోనని చిన్న అనుమానం ఉంది, మట్టాలు చూస్తేగానీ చెప్పలేను.